బారీ శాండర్స్ 1988 సీజన్: బౌల్ గేమ్ కలపాలా, వద్దా?

అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్‌లో రన్నింగ్ బ్యాక్‌ల (బంతి పట్టుకుని పరుగెత్తే ఆటగాళ్ల) పట్టిక తయారుచేస్తున్నాను, ఒక్కచోటే చిక్కుకుపోయాను. ఓక్లహోమా స్టేట్ యూనివర్సిటీ తరఫున బారీ శాండర్స్ 1988లో 11 మ్యాచ్‌లలో 2,628 గజాలు పరుగెత్తాడు. హాలిడే బౌల్ అనే బౌల్ గేమ్‌లో (సీజన్ ముగిశాక ఎంపికైన జట్లు ఆడే అదనపు మ్యాచ్‌లో) చేసిన 222 గజాలు అధికారిక లెక్కలో లేవు, ఎందుకంటే బౌల్ గేమ్‌లను సీజన్ గణాంకాల్లో కలపడం 2002 నుంచే మొదలైంది. విస్కాన్సిన్ రన్నింగ్ బ్యాక్ మెల్విన్ గోర్డన్ 2014లో చేసిన 2,587లో మాత్రం బౌల్ గేమ్‌తో కలిపి 14 మ్యాచ్‌లున్నాయి. ఇది శాండర్స్‌కు అన్యాయమే.

రెండు పద్ధతులు ప్రయత్నించాను. బౌల్ కలిపితే శాండర్స్ 2,850, మ్యాచ్‌కు 237.5. గోర్డన్ బౌల్ గేమ్ 251 తీసేస్తే 13 మ్యాచ్‌లకు 2,336, మ్యాచ్‌కు 179.7. కానీ అందులోనూ కాన్ఫరెన్స్ (కాలేజీ జట్ల లీగ్) ఫైనల్ మిగిలిపోతోంది. 1988లో శాండర్స్‌కు అలాంటి మ్యాచే లేదు.

2002కు ముందు, తర్వాత ఆటగాళ్లను ఒకే వరుసలో పెట్టాలంటే మీరైతే ఏ మ్యాచ్‌లను లెక్కలోకి తీసుకుంటారు?