ఎలిజా స్నో పాత ఫోటోలు: ఏది ఎప్పటిదో ఎలా పోల్చుకోవాలి?

తెవికీ_చిన్నోడు:
అందరికీ నమస్కారం. తెలుగు వికీపీడియాలో ఎలిజా ఆర్. స్నో మీద వ్యాసం రాస్తున్నాను. 1804లో మసాచుసెట్స్‌లోని బెకెట్‌లో పుట్టి, 1887లో యూటాలోని సాల్ట్ లేక్ సిటీలో పోయిన మోర్మన్ రచయిత్రి (మోర్మన్లంటే అమెరికాలో పుట్టిన ఒక క్రైస్తవ శాఖవాళ్ళు). వాళ్ళవాళ్ళు ఆమెని ‘సీయోను కవయిత్రి’ అనేవారు. రాయడం దాదాపు అయిపోయింది, ఫోటో దగ్గర ఆగిపోయా. ఎక్కడ చూసినా నల్ల గౌను, నడినెత్తిన పాపిడి, తల మీద లేసు టోపీ. కింద వేసిన సంవత్సరం మాత్రం ఒక్కో సైటులో ఒక్కోటి. పైగా ‘స్నో’ అని వెతికితే సగం మంచుకొండలే వస్తున్నాయి. ఈ పని చేసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

పాత_అట్టలు:
నేను పాత ఫోటోలు కూడబెడుతుంటాను, అమెరికావి కూడా కొన్ని ఉన్నాయి. ముందు ముఖం చూడటం మానేసి అట్ట తిప్పండి. అసలు సంగతంతా వెనకే ఉంటుంది.

అట్ట రెండున్నర అంగుళాల వెడల్పు, నాలుగు అంగుళాల పొడవుంటే అది విజిటింగ్ కార్డు రకం. పల్చగా, మూలలు చదరంగా ఉంటే ఎక్కువగా 1860ల సరుకు. మందంగా, మూలలు గుండ్రంగా ఉంటే ఆ తర్వాతిది. ఇంకా పెద్ద అట్టయితే కేబినెట్ కార్డు, అవి 1866 ప్రాంతంలో మొదలయ్యాయి. వెనక చిన్న రెవెన్యూ స్టాంపు అంటించి, సిరాతో గీత కొట్టి ఉందా? ఉంటే పండగే. అంతర్యుద్ధం ఖర్చుల కోసం అక్కడి ప్రభుత్వం 1864 సెప్టెంబరు 1 నుంచి 1866 ఆగస్టు 1 దాకా ఫోటోల మీద పన్ను వేసింది. ఆ స్టాంపు ఉన్న అట్ట ఆ రెండేళ్ళలో అమ్ముడైందన్నమాట.

లేహై_లక్ష్మి:
చిన్నోడు గారూ, నేను ఉండేది యూటాలోనే. సాల్ట్ లేక్‌లో మోర్మన్ల చర్చి హిస్టరీ లైబ్రరీ ఉంది, ఎవరైనా వెళ్ళొచ్చు, డబ్బులేమీ అడగరు. పోయినేడు మా అత్తగారు వచ్చినప్పుడు, ఆవిణ్ణి టెంపుల్ స్క్వేర్ చూడమని వదిలేసి నేను లైబ్రరీలో కూర్చున్నా (ఆ మాట ఇప్పటికీ వింటూనే ఉన్నాను). నాకు మొదటి గంట పేరుతోనే సరిపోయింది. ఎలిజా స్నో అని వెతికితే కొన్నే వచ్చాయి. ఆవిడ 1842లో మోర్మన్ శాఖ మొదలుపెట్టిన జోసెఫ్ స్మిత్‌కి భార్య అయింది, ఆయన హత్య తర్వాత, ఆయన స్థానంలోకి వచ్చిన బ్రిగమ్ యంగ్‌కి. అయినా స్నో అనే రాసుకుంది. 1880 నుంచి మాత్రం ఎలిజా ఆర్. స్నో స్మిత్. చివర స్మిత్ చేర్చి కూడా వెతకండి.

ఇంకోటి. ఫోటోగ్రాఫర్ చార్లెస్ శావేజ్ పేరు మీకు తగిలే ఉంటుంది. 1869లో యూటాలోని ప్రొమాంటరీలో, అమెరికా తూర్పు పడమరల రైలు పట్టాలు కలిసినప్పటి ఫోటోలు తీసినాయన. 1883 జూన్‌లో ఆయన స్టూడియో కాలిపోయింది, నెగటివ్‌లు చాలావరకు పోయాయి. తర్వాత ఎవరికైనా ఆయన తీసిన పాత ఫోటో కావాలంటే, ఇళ్ళల్లో ఉన్న ప్రింటుని మళ్ళీ ఫోటో తీయడమే దారి. అందుకే కొన్నిట్లో లేసు అల్లిక అలికేసినట్టు ఉంటుంది.

పాత_అట్టలు:
@లేహై_లక్ష్మి మంచి మాట చెప్పారండీ. నేను చెప్పినదానికి చిన్న సవరణ. అట్ట వయసు వేరు, ఆమె కెమెరా ముందు కూర్చున్న రోజు వేరు. ‘శావేజ్ అండ్ ఆటింజర్’ ముద్ర ఉంటే వాళ్ళిద్దరూ కలిసి స్టూడియో నడిపిన కాలంలో తయారైన అట్ట అనుకోవచ్చు, అంటే ముఖ్యంగా 1860లు. శావేజ్ ఒక్కడి పేరే ఉంటే అదే ఫోటోని తర్వాత మళ్ళీ వేసి ఉండొచ్చు.

భూతద్దం:
నేను మోసపోయిన సంగతి కూడా వినండి. ఆన్‌లైన్‌లో ఒకాయన దగ్గర ‘ఒరిజినల్’ అంటే కొన్నాను, ఈవిడదే. ఇంటికొచ్చాక భూతద్దం పెడితే బుగ్గ మీదంతా చుక్కలు చుక్కలు, న్యూస్‌పేపర్ బొమ్మలో ఉన్నట్టు. ఏదో పుస్తకంలోంచి కత్తిరించి అట్టకి అంటించాడు మహానుభావుడు. గుడ్డు తెల్లసొనతో చేసిన ఆనాటి ప్రింట్లలో చుక్కలుండవు. కాగితం ఉల్లిపొరలా పల్చన, కొంచెం మెరుపు, తెల్లగా ఉండాల్సినచోట పసుపు తిరుగుతుంది. డబ్బులు తిరిగి రాలేదు, అది వదిలేయండి.

ఈ మధ్య ఏఐతో ‘క్లీన్’ చేసినవి మరీ ఘోరం. అరవై దాటిన మనిషికి పాతికేళ్ళ చర్మం, నీలం కళ్ళు. దయచేసి వికీలో అవి పెట్టకండి.

లేహై_లక్ష్మి:
అవును! ముడతలు తీసేస్తే ఇంకేం మిగిలింది. ‘ఓ మై ఫాదర్’గా పాడుకునే ఆ కవిత 1845లో అచ్చయ్యేనాటికే ఆవిడకి నలభై దాటాయి. పరలోకంలో తండ్రి ఉంటే తల్లి కూడా ఉంటుంది కదా అని అందులో అడిగింది. తర్వాత బళ్ళ మీద మైదానాలు దాటి యూటా చేరింది. మనం చూసే ఫోటోలు ఇవన్నీ అయ్యాక తీసినవి.

రెండో_పేజీ:
ఆమె ఒక్కతే కాకుండా ముగ్గురు కూర్చున్న ఫోటో కూడా ఒకటుంది. ఎలిజా, ఎలిజబెత్ ఆన్ విట్నీ, ఎమ్మెలైన్ వెల్స్. పేర్లు ఎడమ నుంచా కుడి నుంచా చూసుకోండి, నేనోసారి తారుమారు చేసి చీవాట్లు తిన్నా. నన్నడిగితే ఎమ్మెలైన్ మీద కూడా వ్యాసం రావాలి. ‘ఉమన్స్ ఎక్స్‌పోనెంట్’ అనే మోర్మన్ ఆడవాళ్ళ పత్రికకి 1877 నుంచి 1914 దాకా సంపాదకురాలు, 47 డైరీలు రాసింది. పుట్టింది 1828 ఫిబ్రవరి 29న, నాలుగేళ్ళకోసారి పుట్టినరోజు!

తెవికీ_చిన్నోడు:
అందరికీ బోలెడు థాంక్స్. స్మిత్ చేర్చి వెతికితే ఇంకో నాలుగు దొరికాయి. ఒకదానికి వెనక వైపు స్కాన్ కూడా ఉంది. స్టాంపు లేదు, మూలలు చదరం, ముద్రలో ఇద్దరి పేర్లూ ఉన్నాయి. ‘సుమారు 1860లు’ అని రాసి అదే పెట్టేశాను. లేసు అల్లిక కూడా లెక్కపెట్టేంత స్పష్టంగా ఉంది.

భూతద్దం:
చూశాను, బాగుంది. పక్కన సమాచార పెట్టెలో మాత్రం ‘ఎలిజా ఆర్. మంచు’ అని పడింది. అనువాద యంత్రం పనిలా ఉంది, ఓసారి సరిచేయండి.