థైరాయిడ్ ఎక్కువైతే గుండె కండరమే గట్టిగా ముడుచుకుంటుందా, రక్తనాళాలు వదులై అలా కనిపిస్తుందా?

లబ్‌డబ్: హైపర్‌థైరాయిడ్ (థైరాయిడ్ హార్మోను ఎక్కువైన) పేషెంటు ఎకోలో, అంటే గుండె అల్ట్రాసౌండ్‌లో, ఇజెక్షన్ ఫ్రాక్షన్ (ఈఎఫ్: ఒక్కో దెబ్బకి జఠరిక బయటికి నెట్టే రక్తం వాటా) 70 శాతం దాటితే చాలు, "కండరం జోరు పెరిగింది" అని రాసేస్తున్నారు. నేను ఒప్పుకోను. టీ3 (థైరాయిడ్ హార్మోను చురుకైన రూపం) ధమనుల గోడల్లోని కండరాన్ని వదులు చేస్తుంది. నాళాల నిరోధం సగం వరకూ పడిపోవచ్చు. దాంతో కిడ్నీలు రెనిన్ అనే ఎంజైమ్ వదిలి ఉప్పునూ నీటినీ పట్టి ఉంచుతాయి, రక్త పరిమాణం పెరుగుతుంది. అంటే ప్రీలోడ్ (గుండెలోకి వచ్చి నిండే రక్తం) ఎక్కువ, ఆఫ్టర్‌లోడ్ (గుండె ఎదురు నెట్టాల్సిన భారం) తక్కువ, పైగా నిమిషానికి 110 కొట్టుకోవడం. ఈ మూడూ కలిస్తే మామూలు కండరం కూడా 70 చూపిస్తుంది. నాళాలను బిగించే మందిచ్చి నిరోధం పెంచితే ఈ పేషెంట్లలో కార్డియాక్ అవుట్‌పుట్ (గుండె నిమిషానికి నెట్టే రక్తం) బాగా పడిపోతుందని 1960ల్లోనే చూశారు. ఇక కండరానికి ఇచ్చే ఘనత ఏముంది?

కాల్షియం పంపు: ఈఎఫ్ విషయంలో మీతో పేచీ లేదండీ, అది లోడ్‌ని బట్టి ఊగే కొలత. కానీ అక్కడి నుంచి "కండరం మారలేదు" అనే దాకా వెళ్ళలేం. 1967లో పిల్లుల గుండెలోంచి పాపిల్లరీ కండరాన్ని (కవాటాలను పట్టి ఉంచే చిన్న కండరం) తీసి ద్రావణంలో పెట్టి కొలిచారు. అక్కడ ధమనులు లేవు, రక్త పరిమాణం లేదు, కొట్టుకునే వేగం స్టిమ్యులేటర్ చేతిలో ఉంది. అయినా హార్మోను ఎక్కువైన పిల్లుల కండరం వేగంగా కుదించుకుంది, గరిష్ఠ బలాన్ని తక్కువ సమయంలో అందుకుంది. నార్‌ఎపినెఫ్రిన్ (అడ్రినలిన్ లాంటి నరాల రసాయనం) నిల్వల్ని ముందే ఖాళీ చేసినా ఆ తేడా పోలేదు.

జరిగేదేమిటంటే, టీ3 కణంలోకి వెళ్ళి కేంద్రకంలోని ఆల్ఫా రకం రిసెప్టర్‌కి అతుక్కుంటుంది. సెర్కా2 అనే కాల్షియం పంపు తయారీ పెరుగుతుంది, దానికి కళ్ళెం వేసే ఫాస్ఫోలాంబన్ తగ్గుతుంది. కండరం విశ్రాంతిలో ఉన్నప్పుడు కణద్రవంలో కాల్షియం 100 నానోమోలార్ దగ్గర ఉంటుంది, సంకోచంలో దాదాపు 1 మైక్రోమోలార్‌కి ఎగబాకుతుంది. ఆ పెరిగినదాన్ని తిరిగి సార్కోప్లాస్మిక్ రెటిక్యులమ్‌లోకి (కణంలోని కాల్షియం గిడ్డంగి) తోడేది సెర్కా. తోడటం వేగమైతే రెండు లాభాలు: కండరం తొందరగా సడలుతుంది, లోపల నిల్వ ఎక్కువవుతుంది కాబట్టి తర్వాతి దెబ్బకి ఎక్కువ కాల్షియం బయటికొస్తుంది. అందుకే ఈ గుండెలో ముందు చూడాల్సింది సడలింపు. ఎకోలో ఐసోవాల్యూమిక్ రిలాక్సేషన్ సమయం (కవాటాలన్నీ మూసి ఉండగా జఠరిక సడలే సమయం) కుదించుకుపోతుంది, దాన్ని ఎవరూ రిపోర్టులో రాయరు.

పీజీ_రెండో_ఏడు: మయోసిన్ (కండరాన్ని ముడిచే ప్రోటీన్) బీటా రకం నుంచి ఆల్ఫాకి మారుతుందని చదివాం కదా సర్, అసలు కారణం అదే అనుకున్నాను.

కాల్షియం పంపు: ఎలుకల్లో అది పెద్ద సంగతే. మనిషి జఠరికలో బీటానే 90 శాతం పైన ఉంటుంది, ఆల్ఫా వాటా చిన్నది. మనుషుల్లో ఎక్కువ భారం కాల్షియం మీదే పెట్టుకోవాలి. ఎలుక లెక్కను మనిషికి అంటగట్టడం మన పుస్తకాలకు పాత అలవాటు.

మందుల పెట్టె: సరే, మరి ప్రొప్రనొలాల్ (అడ్రినలిన్ పనిని అడ్డుకునే బీటా బ్లాకర్ మందు) ఇవ్వగానే అన్నీ తగ్గుతాయెందుకు? అడ్రినలిన్ పనే అనిపించదా?

ఎకో బల్ల: "అన్నీ" తగ్గవు. గుండె వేగం, వణుకు, దడ తగ్గుతాయి. రక్తంలో కేటకొలమైన్లు (అడ్రినలిన్ కుటుంబం) ఈ పేషెంట్లలో మామూలుగానో ఇంకా తక్కువగానో ఉంటాయి. పెరిగేది గుండెలో అడ్రినలిన్ అతుక్కునే బీటా1 రిసెప్టర్ల సంఖ్య. రక్తం బయటికి నెట్టేముందు పట్టే సమయం, అంటే ప్రీ ఎజెక్షన్ పీరియడ్, ఈ జబ్బులో కుదించుకుంటుంది. బీటా బ్లాకర్ ఇచ్చాక కూడా అందులో చాలా భాగం అలాగే మిగులుతుంది. ప్రొప్రనొలాల్ రోజుకి 160 మి.గ్రా. దాటితే టీ4 (గ్రంథి ఎక్కువగా వదిలే హార్మోను రూపం) టీ3గా మారడాన్ని కాస్త నెమ్మదింపజేస్తుంది, అది బీటా రిసెప్టర్‌తో సంబంధం లేని పని.

లబ్‌డబ్ గారూ, లోడ్ తీసేసి చూడాలంటే ఈఎఫ్ పక్కన పెట్టండి. గుండె వేగానికి సరిచేసిన ఫైబర్ షార్టెనింగ్ వేగాన్ని (కండర పోగులు కుదించుకునే వేగం) సిస్టోలీ, అంటే సంకోచం, చివరి గోడ ఒత్తిడితో కలిపి గీయండి. హైపర్‌థైరాయిడ్ గీత మామూలు గీతకి పైనే ఉంటుంది. ఒకే గోడ ఒత్తిడి దగ్గర ఎక్కువ వేగం, అంతే.

లబ్‌డబ్: వేగంగా ముడుచుకోవడం ఒప్పుకుంటాను. కండరం లావెక్కడం మాత్రం లోడ్ పనే. ఎలుక పొట్టలో రెండో గుండెను అతికించి థైరాక్సిన్ ఇస్తే, పని చేస్తున్న సొంత గుండె పెరిగింది, రక్తం నెట్టే పని లేని ఆ గుండె పెరగలేదు. ఇంకొకటి: కండరం అంత గొప్పదైతే వ్యాయామంలో ఈఎఫ్ పెరగాలి. ఈ పేషెంట్లలో చాలామందికి పెరగదు, కొందరికి పడిపోతుంది.

ఎకో బల్ల: అది బలహీనత కాదు, నిల్వ అయిపోవడం. విశ్రాంతిలోనే వేగం, ప్రీలోడ్, కాల్షియం అన్నీ వాడేసుకున్నాక పరుగెత్తడానికి మిగిలేదేమిటి? పైగా సెర్కా ప్రతి రెండు కాల్షియం అయాన్లకి ఒక ఏటీపీ (కణానికి ఇంధనం) తింటుంది, అదే బలానికి ఖర్చు పెరుగుతుంది. దానికి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె పై గదులు లయ తప్పి కొట్టుకోవడం) తోడై వారాల తరబడి 140 మీద పరుగెత్తితే ఈఎఫ్ 30కి దిగొచ్చు. ఇక్కడే ప్రమాదం. థైరాయిడ్ స్టార్మ్‌లో (హార్మోను ప్రభావం ప్రాణం మీదికి వచ్చే స్థితి) అలాంటి గుండెకి ప్రొప్రనొలాల్ ఎక్కువ మోతాదు గుడ్డిగా ఇస్తే బీపీ కుప్పకూలుతుంది. ముందు ఎకో ప్రోబ్ పెట్టి చూడండి. అనుమానముంటే ఎస్మొలాల్ (సిరలోకి ఎక్కించే బీటా బ్లాకర్), దాని అర్ధాయువు 9 నిమిషాలే, ఆపితే ప్రభావం పోతుంది.

మందుల పెట్టె: కార్బిమజోల్ మొదలుపెట్టాక ఎకో మళ్ళీ ఎప్పుడు?

ఎకో బల్ల: అది కొత్త హార్మోను తయారీనే ఆపుతుంది, గ్రంథిలో ఉన్న నిల్వ ఖాళీ కావాలి. టీ4 అర్ధాయువే ఒక వారం. సాధారణంగా 4 నుంచి 8 వారాలు పడుతుంది. టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ని నడిపే పిట్యూటరీ హార్మోను) నెలల తరబడి అణగే ఉంటుంది, దాని కోసం ఆగొద్దు. ఫ్రీ టీ4, టీ3 మామూలుకొచ్చి, గుండె వేగం 90 లోపు నిలబడ్డాక చేయండి. ఫిబ్రిలేషన్ ఇంకా ఉంటే ఒక్క బీట్‌తో కొలవకుండా కనీసం 5 బీట్ల సగటు తీయండి.