ఉచిత న్యాయ సహాయం వకీలు మీద అజమాయిషీ ఎవరిది?

హంద్రీ ఒడ్డు, కర్నూలు:

అందరికీ నమస్కారం. కర్నూలు పాతబస్తీలో సోఫాలకు, కుర్చీలకు గుడ్డ మార్చే చిన్న దుకాణం నాది. బోరుబావుల దగ్గర కేబుల్ తీగ దొంగతనం కేసులో మా తమ్ముడు రిమాండులో ఉన్నాడు. ఈ రోజుకు 52 రోజులు. వాడు చేశాడా లేదా అన్నది ఇక్కడ అడగడం లేదు. పాత కేసులేవీ లేవు. వకీలును పెట్టుకునే స్తోమత లేదని చెబితే ఉచిత న్యాయ సహాయం కింద ప్రభుత్వ వకీలు ఒకాయనను ఇచ్చారు. ఏ కోర్టో, ఆయన ఎవరో రాయను. రాస్తే తమ్ముడికే ఇబ్బందని నా భయం.

ఈ 52 రోజుల్లో ఆయన జైలుకు వెళ్లి తమ్ముడితో ఒక్కసారి కూడా మాట్లాడలేదు. వాయిదా నాడు వీడియోలో రెండు నిమిషాలు, రిమాండు పొడిగింపు, అంతే. ఫోను చేస్తే "కోర్టులో ఉన్నాను, తర్వాత చేయండి" అంటారు. తర్వాత చేస్తే ఎత్తరు.

మొన్న సోమవారం అర్జీల రోజని దుకాణం మూసి కలెక్టర్ కార్యాలయానికి వెళ్లాను. వరుసలో నా వంతు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. అక్కడి ఉద్యోగి మర్యాదగానే చెప్పాడు, "ఇది కోర్టు విషయం అన్నా, మా చేతిలో లేదు" అని. మా కార్పొరేటరూ అదే మాట అన్నాడు. వకీలుకు ఇచ్చేది ప్రజల సొమ్మే కదా? ఆయన పని చేస్తున్నాడో లేదో చూసేవారు ఎవరైనా ఉన్నారా?

నల్లకోటు దూరం, అనంతపురం:

ఊరికే వచ్చిన వకీలు ఊరికే ఉంటాడు. ఎక్కడైనా ఇరవై వేలు అప్పు తెచ్చి సొంత వకీలును పెట్టుకోండి. వారంలో బయటికి వస్తాడు.

పాత శిరస్తాదారు, కడప:

పై సలహా వినవద్దు నాయనా. తమ్ముడు బయటికి వచ్చాక కూడా ఆ వడ్డీ నడుస్తూనే ఉంటుంది. 31 ఏళ్లు కోర్టుల్లో పనిచేశాను, గుమాస్తాగా మొదలుపెట్టి శిరస్తాదారుగా, అంటే పెద్ద గుమాస్తాగా విరమించాను. అజమాయిషీ సంగతి తర్వాత, ముందు రోజుల లెక్క చూసుకో.

దొంగతనానికి పడే శిక్ష పదేళ్ల లోపే. అలాంటి కేసులో రిమాండు మొదలైన 60 రోజుల్లోగా పోలీసులు ఛార్జిషీటు వేయకపోతే బెయిలు హక్కుగా వస్తుంది. కొత్త చట్టం, అదే భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 187వ సెక్షను. లెక్క అరెస్టు నాటి నుంచి కాదు, రిమాండు చేసిన నాటి నుంచి. ఆ రోజు కూడా లెక్కలోకి వస్తుందని 2023లో సుప్రీంకోర్టు తేల్చింది. కానీ ఈ బెయిలు దానంతట అది రాదు, పిటిషను వేయాలి. పిటిషను కంటే ముందు ఛార్జిషీటు పడితే ఆ హక్కు పోయినట్టే. ఎఫ్‌ఐఆర్‌లో ఇంకేమైనా పెద్ద సెక్షన్లు ఉన్నాయేమో ఈ రోజే చూడు. లేకపోతే ఆ 60 రోజులు నిండడానికి ఇంకా ఉన్నది ఎనిమిది రోజులు.

ఇప్పుడు నీ ప్రశ్న. ప్రభుత్వ వకీలు అంటే నీ తమ్ముడికి శిక్ష పడాలని వాదించే పీపీ, అదే పబ్లిక్ ప్రాసిక్యూటరు. నీ వాళ్ల తరఫున నిలబడేది జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఇచ్చిన వకీలు. 1987 నాటి చట్టం ప్రకారం ఆ సంస్థకు అధ్యక్షుడు జిల్లా జడ్జి, రోజువారీ పని చూసే కార్యదర్శి కూడా జడ్జే. కార్పొరేషనుకు, జిల్లా పరిషత్తుకు ఇందులో పాత్ర లేదు. కలెక్టరు మాత్రం ఇలాంటిచోట కనిపిస్తారు. విచారణ ఖైదీల సమీక్ష కమిటీ అని మూడు నెలలకోసారి కూర్చుంటుంది, జిల్లా జడ్జి అధ్యక్షతన. అందులో కలెక్టరు, ఎస్పీ సభ్యులు. అక్కడ చూసేది ఎవరిని విడుదల చేయవచ్చన్నది, ఏ వకీలు ఎలా పనిచేస్తున్నాడన్నది కాదు.

నీ తమ్ముడికి ఇచ్చింది ప్యానెల్ వకీలా, డిఫెన్స్ కౌన్సెల్ ఆఫీసు వకీలా కనుక్కో. ప్యానెల్ వకీలుకు కేసు లెక్కన ఫీజు, సొంత కేసులూ ఉంటాయి. 2022లో జాతీయ న్యాయసేవాధికార సంస్థ తెచ్చిన డిఫెన్స్ కౌన్సెల్ పద్ధతిలో వకీళ్లను కాంట్రాక్టు మీద పూర్తికాలానికి తీసుకుంటారు. మొదట రెండేళ్లు, పని బాగుంటే ఏడాది చొప్పున పొడిగింపు. బయటి కేసులు పట్టకూడదు. ఆరు నెలలకోసారి పనితీరు చూడాలని నిబంధన. ఎవరైనా సరే, నీ దగ్గర ఒక్క రూపాయి అడగకూడదు.

చూస్తారు సరే, దేన్ని చూస్తారు? నా కాలంలో ప్యానెల్ వకీళ్ల కాగితాలు నా బల్ల మీదుగానే వెళ్లేవి. ప్రతి వాయిదాకు ఎదురుగా "హాజరు" అని ఉండేది. అబద్ధం కాదు, హాజరయ్యేవారు. ముద్దాయిని కలిశారా అన్న గడి ఆ కాగితంలో లేదు. జడ్జి గారికి వకీలు కోర్టు హాల్లోనే కనిపిస్తాడు, జైలు గేటు దగ్గర కనిపించడు. కలవలేదన్న సంగతి తెలిసింది నీకూ నీ తమ్ముడికే. మీరు రాయకపోతే ఆ ఫైల్లో అంతా సవ్యంగానే ఉంటుంది.

అందుకని కార్యదర్శి పేరున తెలుగులో ఒక్క పేజీ రాయి. కేసు నంబరు, రిమాండు తేదీ, నువ్వు ఫోను చేసిన తేదీలు, వకీలును మార్చమన్న అభ్యర్థన. తిట్లు వద్దు. ఒకసారి ఒక ముసలావిడ కాగితం మీద ఐదు తేదీలు రాయించి, కింద "ఈ ఐదు రోజులూ రాలేదు" అని వేలిముద్ర వేసి తెచ్చింది. జడ్జి గారు చదవడానికి అర నిమిషం పట్టలేదు, మధ్యాహ్నానికి వకీలును పిలిపించారు. అదే రోజు ఇంకొకాయన ఎనిమిది పేజీల ఆవేశం తెచ్చాడు. అది నాలుగో పేజీ దాటలేదు. రెండో ప్రతి మీద ముట్టినట్టు ముద్ర వేయించుకో. తమ్ముడిని కూడా జైలులోని న్యాయ సహాయ కేంద్రంలో ఒక అర్జీ ఇవ్వమను. వెళ్లడం కుదరకపోతే న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100కు ఫోను చేయి.

ప్రొద్దుటూరు నుంచి సియాటిల్:

కార్పొరేటరు మాట చదివి ఇక్కడి కేసు ఒకటి గుర్తొచ్చింది. అమెరికాలో పేద ముద్దాయికి వకీలునివ్వడం 1963 నాటి గిడియన్ తీర్పు నుంచి రాష్ట్రాల బాధ్యత. మా వాషింగ్టన్ రాష్ట్రంలో ఆ ఖర్చులో చాలా భాగం కౌంటీలు (మన జిల్లాల్లాంటివి), నగరాలే పెట్టుకుంటాయి. సియాటిల్‌కు ఉత్తరాన మౌంట్ వెర్నన్, బర్లింగ్టన్ అని రెండు చిన్న ఊళ్లు. చిన్న నేరాల కేసులన్నీ ఇద్దరు వకీళ్లకు గంపగుత్తకు ఇచ్చేశాయి. ఒక్కొక్కరి చేతి మీదుగా ఏడాదికి సుమారు వెయ్యి కేసులు! ముద్దాయిని కలవడం కోర్టు వరండాలోనే. ఫిర్యాదులు వచ్చినా నగరపాలకులు పట్టించుకోలేదు. 2013 డిసెంబరులో ఫెడరల్ జడ్జి రాబర్ట్ లాస్నిక్ తప్పును ఆ నగరాల మీదే పెట్టి, వకీళ్ల పని చూసే పర్యవేక్షకుడిని నియమించుకోమన్నారు. అంతకు ముందు ఏడాదే రాష్ట్ర సుప్రీంకోర్టు చిన్న కేసులకు వకీలుకు ఏడాదికి 300 లేదా 400 అని గీత గీసింది. డబ్బిచ్చేవాడే చూసుకోవాలన్న పద్ధతి ఇది. అయినా చూడనివాడు ఎక్కడైనా చూడడు, కోర్టుకు ఎక్కాకే కదిలారు.

పాత శిరస్తాదారు, కడప:

మనకు గంపగుత్త లేదు గానీ వరండా మాత్రం ఉంది నాయనా.

హంద్రీ ఒడ్డు, కర్నూలు (పదహారు రోజుల తర్వాత):

అయ్యా, మీరు చెప్పినట్టే మర్నాడు ఒక్క పేజీ ఇచ్చాను. ముద్ర అడిగితే గుమాస్తా ఒకసారి నా ముఖం చూసి వేశాడు. నాలుగు రోజుల్లో వకీలు మారారు. కొత్తావిడ చిన్న వయసే. జైలుకు వెళ్లి తమ్ముడితో ముప్పావు గంట మాట్లాడారట. 61వ రోజు ఉదయం పిటిషను వేశారు, సాయంత్రం ఛార్జిషీటు పడింది. ఉదయం కాగితం ముందుంది కాబట్టి బెయిలు ఇచ్చారు.

ఇప్పుడు ఇద్దరు జామీనుదారులు కావాలి, ఇంటి పన్ను రసీదులతో. ఒకరు మా బావ. రెండో ఆయన లారీ యజమాని, నేను సీట్లు కుట్టిపెట్టాను, ఆ డబ్బు ఇంకా ఇవ్వలేదు. వస్తానన్నాడు. డబ్బు సంగతి ఎత్తలేదు.