చెరువు దగ్గరి ఇంట్లో చెదలు: మందు కొట్టించినా మళ్ళీ వస్తున్నాయి

ప్రశ్న: అవిలాల వాసి, తిరుపతి

పెద్దలకు నమస్కారం. తిరుపతిలో అవిలాల చెరువుకు దగ్గరగా ఉన్న మా ఇంటిని నాన్నగారు 2009లో కట్టించారు. కింది భాగంలో మేము ఉంటున్నాము, పై అంతస్తు అద్దెకు ఇచ్చాము. పునాదుల్లో చెదలమందు పోయించారా అని ఇప్పుడు అడిగితే, అప్పట్లో మేస్త్రీ ఆ మాటే ఎత్తలేదని అంటున్నారు.

గత ఏడాది మే నెలలో ఒక సాయంత్రం వాన వెలిసిన తరువాత హాలులోని ట్యూబులైటు చుట్టూ ఉసిళ్ళు మూగాయి. వానకు ఉసిళ్ళు రావడం మామూలే కదా అని నేను పట్టించుకోలేదు. మరునాడు ఊడ్చేటప్పుడు వాటి రెక్కలు కిటికీ దగ్గర కన్నా దేవుడి గది గడప దగ్గరే ఎక్కువగా పడి ఉన్నాయని అమ్మ చెప్పినా, ఉసిళ్ళంటే రెక్కలొచ్చిన చెదలేనని, అవి ఇంట్లోంచే లేచి ఉంటాయని నాకు అప్పుడు తట్టలేదు. ఆగస్టులో పుస్తకాల అలమర వెనుక గోడ మీద పెన్సిలు మందాన మట్టి చార ఒకటి స్కర్టింగు నుండి పైకి పాకింది. ఒక సంస్థ వారిని పిలిస్తే, ఇద్దరు మనుషులు వచ్చి, వీపున తగిలించుకున్న డబ్బాతో గోడల అంచుల వెంట, అలమర లోపల అరగంటలో మందు చల్లి, మూడేళ్ళ గ్యారంటీ అని కాగితం రాసి ఇచ్చి వెళ్ళారు. రెండు రోజులు ఇల్లంతా ఘాటు వాసన. నాలుగు నెలలు తిరగకముందే దేవుడి గది ద్వారబంధంలో చెద కనిపించింది. గడపను వేలితో తడితే డొల్లగా మోగుతున్నది. ఫోను చేస్తే, అది వేరే గది కనుక గ్యారంటీలోకి రాదని చెప్పారు. ఆ తరువాత ఏడాదిపాటు కనబడిన చారనల్లా నేనే గీకేస్తూ వచ్చాను.

మా ఇంట్లో రెండేళ్ళ పాప ఉన్నది. నీళ్ళ సంపు పోర్టికో కింద ఉన్నది, బోరు ఇంటి వెనుక ఉన్నది. స్నానాల గదికి, దేవుడి గదికి ఉమ్మడిగా ఉన్న పడమటి గోడ ఏడాది పొడుగునా చెమ్మగా ఉండి సున్నం పొట్టు రాలుతుంటుంది. 2021 నవంబరు వరదల్లో మా ప్రహరీ లోపల నాలుగు రోజులు నీళ్ళు నిలిచాయి. ఇప్పుడు మళ్ళీ నవంబరు, మళ్ళీ వానలు. ఈసారి ఎలాంటి మందు వేయించాలి? వెంటనే వేయించాలా, ఆగవచ్చా? చెరువు పక్కన ఉన్నంత కాలం ఈ బెడద తప్పదా?

జవాబు 1: విశ్రాంత ఇంజనీరు, చిత్తూరు

మందు మాట తరువాత చూద్దాము, ముందు ఆ పడమటి గోడ సంగతి తేల్చండి.

నేలలో కాపురముండే చెదపురుగుకు ఒంటిమీద పొర చాలా పలుచన. పొడి గాలి తగిలితే అది కాసేపటికే ఎండి చచ్చిపోతుంది. గోడమీద మీరు చూసిన మట్టి చార, నేలలోని తడిని తన వెంట పైదాకా తీసుకుపోవడానికి అది కట్టుకున్న గొట్టం. గోడే తడిగా ఉన్నప్పుడు ఆ గొట్టం కట్టే శ్రమ కూడా దానికి తప్పుతుంది, మీకేమో అది పని మొదలుపెట్టిన ఆనవాలు బయటికి కనబడదు. అందువల్ల స్నానాల గదిలో గోడ లోపల దాగిన (కన్సీల్డ్) పైపు కారుతున్నదేమో ముందుగా చూడండి. రాత్రి పడుకునే ముందు ఇంట్లోని కుళాయిలన్నీ కట్టేసి, మేడమీది ట్యాంకులో నీటిమట్టం దగ్గర సుద్దతో గీత గీసి, పైవాటాలో వాడకం లేకుండా చూసుకుని, తెల్లవారి ఆ గీత కన్నా నీరు దిగిందేమో చూస్తే సగం సంగతి తేలిపోతుంది.

రెండవది మీ అమ్మగారికి నచ్చకపోవచ్చు. మన ఇళ్ళలో చెద ముందుగా పట్టేది చాలాసార్లు గడపకే. రోజూ నీళ్ళతో కడిగి పసుపు రాస్తాము, నీరు కొయ్యకూ గచ్చుకూ మధ్య సందులోకి దిగుతుంది, అది ఆరేలోగా మరునాటి నీళ్ళు పడతాయి. కడగవద్దని నేను అనను, మా ఇంట్లో అంటే నాకే అన్నం పుట్టదు. తడిగుడ్డతో తుడిచి వెంటనే పొడిగుడ్డ వేయమనండి. గడప మార్చవలసి వస్తే చేవ ఉన్న కర్రనే అడగండి. టేకయినా వేపయినా చెట్టు నడిమి చేవను చెద అంత సులువుగా ముట్టదు, అంచున ఉండే తెల్లకర్రను మాత్రం వదలదు. వడ్రంగులు ఆ తెల్లకర్రకే రంగు పూసి టేకని అమ్మడం కొత్త సంగతి కాదు.

మందు చల్లినా ఎందుకు తిరిగివచ్చిందంటే, గోడమీద చల్లినది కంటికి కనబడిన కూలి పురుగులనే చంపింది. రాణి, గూడు నేలలో ఎక్కడో ఉంటాయి, ఒక్కోసారి మీ ప్రహరీకి అవతల కూడా ఉండవచ్చు. అలమర దారి మూతపడేసరికి మిగిలినవి దేవుడి గది దారి పట్టాయి. కట్టేసిన ఇళ్ళకు చెదల నివారణ ఎలా చేయాలో భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 6313 మూడవ భాగంలో ఉన్నది. దాని ప్రకారం గోడా నేలా కలిసే చోట 300 మిల్లీమీటర్లకు ఒకటి చొప్పున 12 మిల్లీమీటర్ల రంధ్రాలు వేసి, రంధ్రానికి ఒక లీటరు వరకు మందునీళ్ళు కింది మట్టిలోకి ఎక్కించి, తరువాత వాటిని మూసివేయాలి. లెక్క మీరే వేసుకోండి. పన్నెండుకు పది అడుగుల గది చుట్టుకొలత 44 అడుగులు. అడుగుకు ఒక రంధ్రం చొప్పున వాకిలి మేర తీసివేసినా నలభై రంధ్రాలు, నలభై లీటర్లు. వీపున ఒక డబ్బాతో వచ్చి అరగంటలో ఇల్లంతా ముగించిన వారు ఏమి చేసి ఉంటారో ఈ లెక్కే చెబుతుంది.

ఇక వెంటనేనా అన్న మాట. వాన కురుస్తున్నప్పుడు గాని, మట్టి వాననీటితోనో భూగర్భజలంతోనో తడిసి ఉన్నప్పుడు గాని ఈ మందు పోయకూడదు. నీటితో నిండిన మట్టి దానిని పీల్చుకోదు, మందు మీకు అక్కరలేని చోటికి కొట్టుకుపోతుంది. 2021 వరదల తరువాత తిరుపతిలోనే ఎం.ఆర్.పల్లి వైపు శ్రీకృష్ణానగర్‌లో నేలలో దించిన సిమెంటు రింగుల సంపు, శుభ్రం చేస్తుండగా భూమిలోంచి పైకి లేచిందని అందరమూ పత్రికల్లో చూశాము. నేల అంత నీటితో ఉబ్బి ఉండే నెలల్లో మందు పోయించడం దండగ. సంక్రాంతి దాటనివ్వండి.

జవాబు 2: తిరుచానూరు రోడ్డు గృహిణి

కిరసనాయిలు, వేపనూనె, ఉప్పు అన్నీ మేమూ ప్రయత్నించాము. పోసిన చోట పురుగు చచ్చింది, నెల తిరిగేసరికి మూరెడు దూరంలో లేచింది. దేవుడి గదిలో దీపం వెలిగించే చోట కిరసనాయిలు పోయడం ఎంత ప్రమాదమో మాకు తరువాత తెలిసివచ్చింది. మా ఇంట్లో నిజంగా పనికివచ్చిన మార్పు ఒక్కటే: గోడ అలమరల్లో చెక్క అరలు తీయించి కడప బండలు పెట్టించాము. బట్టలకూ పుస్తకాలకూ చెద ఆ తరువాత రాలేదు.

జవాబు 3: ఈ పనిలో ఉన్నవాడిని, చిత్తూరు

ఇంజనీరు గారు చెప్పినదానికి పని చేసేవాడిగా కొన్ని మాటలు కలుపుతాను. కట్టమంచి చెరువు పక్క ఇళ్ళలో నేను చేసిన పనుల్లో ఎక్కువ తంటా వచ్చింది రంధ్రాల దగ్గరే. నేల కింద కరెంటు పైపు ఎటు పోయిందో, నీళ్ళ పైపు ఎటు పోయిందో ఇంటివారు చూపించకపోతే డ్రిల్లు వాటిలో దిగుతుంది. టైల్సు పగలకుండా సందుల్లోనే వేయమని చెప్పండి, చివర వైటు సిమెంటుతో మూసి రంగు కలపమనండి.

మందుల్లో మన దగ్గర ఎక్కువగా నడిచేవి క్లోర్‌పైరిఫాస్, ఇమిడాక్లోప్రిడ్, ఫిప్రోనిల్. క్లోర్‌పైరిఫాస్ 20 శాతం ఇ.సి. (నీళ్ళలో కలిపితే పాలలా మారే గాఢమందు) అయితే ఒక లీటరుకు 19 లీటర్ల నీళ్ళు కలిపితే ఒక శాతం అవుతుంది. ధర తక్కువ, వాసన ఎక్కువ. ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతం ఎస్.సి. (నీళ్ళలో కలిపే చిక్కటి ద్రవం) అయితే లీటరు నీటికి 2.1 మిల్లీలీటర్లు. వాసన దాదాపు ఉండదు, పురుగుకు అది ఉన్నట్టు తెలియదు, కనుక తప్పించుకుపోకుండా అందులోంచే నడిచి, తోటి పురుగులకూ అంటిస్తుంది. పాప ఉన్న ఇల్లు కనుక నేనయితే ఇదే వాడతాను. ఫలితం మాత్రం మరునాడు కనబడదు, కొన్ని వారాలు ఆగాలి. డబ్బా మూత మీ ఎదుటే తీయమనండి, సీలు చూడండి, ఎన్ని లీటర్లు కలిపారో రాయించుకోండి. ఎవరైనా ఆల్డ్రిన్ అనో హెప్టాక్లోర్ అనో పాత పేర్లు చెబితే ఇంటి గుమ్మం ఎక్కనివ్వవద్దు, అవి మన దేశంలో నిషేధించినవి.

ఒక్క విషయంలో ఇంజనీరు గారితో నేను ఏకీభవించలేను. కొలత ప్రకారం ప్రతి గోడకూ పోయాలన్న నియమం సరే, కాని మీ సంపు పోర్టికో కిందే ఉన్నది. సంపు గోడకు ఆనుకుని ఒక్క రంధ్రం కూడా వేయించవద్దు. సిమెంటు చీలికలోంచి మందు తాగేనీళ్ళలోకి దిగితే చెద కన్నా పెద్ద కష్టం. ఆ వైపు మందు మానేసి, కంటితో కనిపెట్టుకుని ఉండడమే మేలు. బోరు చుట్టూ కూడా అంతే. మిగిలిన మందు కాలువలో పారబోయనివ్వవద్దు, అది చెరువుకే చేరుతుంది. ఈ మందుల్లో క్లోర్‌పైరిఫాస్ అయితే చేపలకు మహా విషం.

పక్క ఖాళీ స్థలంలో పుట్ట ఉన్నదా? ఉంటే దాని మీదికి పోవద్దు. చెదలు కట్టిన పుట్టే అయినా, నాగుల చవితికి పాలు పోసేవారు ఊరుకోరు. శ్రీనివాసుడే పుట్టలో తలదాచుకున్నాడని చెప్పుకునే ఊరిలో ఆ మాట అనడానికి నాకూ మనసు రాదు. వానలకు అక్కడ పుట్టగొడుగులు లేస్తున్నాయంటే లోపల చెదలు తమ తిండికోసం బూజు పెంచుకుంటున్నాయని గుర్తు, అంటే గూడు బతికే ఉన్నది. దానిని అలాగే వదిలి, మీ గోడ వెలుపలి వైపు పునాది వెంట మట్టి తవ్వి మందు పోయించుకుంటే సరిపోతుంది. అక్కడ పునాది నిలువు ముఖం చదరపు మీటరుకు ఏడున్నర లీటర్లు పడుతుంది.

జవాబు 4: తిరుపతి కొర్లగుంటలో పుట్టి, ఇప్పుడు ఫ్లోరిడాలోని టాంపాలో ఉంటున్నాను

మా ఊరు సముద్రపు ఖాతం ఒడ్డున ఉన్నది. జూన్ నుండి సెప్టెంబరు వరకు దాదాపు రోజూ మధ్యాహ్నం వాన, ఉక్కపోత. ఇక్కడ చాలా ఇళ్ళకు గోడల లోపలి చట్రమే చెక్క కనుక చెద పడితే ఇల్లే కుంగుతుంది, మీకు పోయేవి తలుపులు, అలమరలు. అంత భయం ఉన్నచోట వీరు మందు కన్నా ముందు నీటి గురించి నియమం రాసుకున్నారు. ఫ్లోరిడా భవన నిర్మాణ నియమావళి ప్రకారం ఏసీ నుండి కారే నీరు, పైకప్పు గొట్టాల నీరు గోడకు కనీసం ఒక అడుగు దూరంలో పడాలి, తోటకు నీళ్ళు చిమ్మే గొట్టాలు కూడా గోడను తడపకూడదు. తిరుపతికి వచ్చినప్పుడల్లా నేను చూసేది, ఏసీ పైపును కిటికీ కిందే వదిలేసి ఉండడం, ఆ నీటి చార వెంట గోడకు పాచి పట్టి ఉండడం. మీ ఇంట్లో ఎలా ఉన్నదో చూసుకోండి.

ఇక్కడ చాలామంది సంస్థతో ఏడాది ఒప్పందం చేసుకుంటారు. ఏటా వచ్చి చూడడం, చెద కనబడితే ఏ గదిలో కనబడినా మళ్ళీ మందు వేయడం దానిలో భాగం. ఒప్పందం ఇంటికి, గదికి కాదు. మీరు కూడా ఈసారి రాయించుకునేటప్పుడు ఆ ఒక్క మాట చూసుకోండి. ఇంటి చుట్టూ నేలలో ప్లాస్టిక్ గొట్టాలు పాతి, అందులో చెదకు ఇష్టమైన ఎర పెట్టే పద్ధతి కూడా ఉన్నది. ఆ ఎరలోని మందు పురుగును కుబుసం విడవనివ్వదు, మెల్లగా గూడంతా క్షీణిస్తుంది. ఇంటి లోపల రంధ్రాలు అక్కరలేదు గాని, నెలల తరబడి ఓపిక కావాలి. క్లోర్‌పైరిఫాస్ వాడకాన్ని ఇళ్ళలో దాదాపుగా మాన్పించే ఒప్పందం ఈ దేశంలో 2000లోనే జరిగింది, ముఖ్యంగా పిల్లల ఆరోగ్యాన్ని దృష్టిలో పెట్టుకుని. కనుక మీ పాప విషయంలో ఈ పనిలో ఉన్న చిత్తూరు మిత్రులు చెప్పిన ఇమిడాక్లోప్రిడే మేలని నా అభిప్రాయం.

ప్రశ్న అడిగినవారు: అవిలాల వాసి

అందరికీ కృతజ్ఞతలు. పైవాటా వారు ఊరికి వెళ్ళిన రాత్రి ట్యాంకు మీద గీత గీసి చూశాము. తెల్లవారేసరికి నీరు నాలుగు వేళ్ళ లోతు దిగింది. ప్లంబరు స్నానాల గది గోడ పగలగొడితే వేడినీళ్ళ పైపు ఎల్బో దగ్గర సన్నగా కారుతున్నది, దాని వెనుక ఇటుకల సందుల్లో చెదమట్టి చేటెడు ఉన్నది. పైపు మార్చి, గోడ పూయకుండా ఆరనిస్తున్నాము. ఏసీ నీటి గొట్టాన్ని మొక్కల దాకా పొడిగించాము. కొత్త గడపకు వేప చేవ చూడమని వడ్రంగికి చెప్పాము గాని, పెట్టడానికి మంచిరోజు అమ్మే చూస్తానన్నది.

ఈ పనిలో ఉన్న చిత్తూరు మిత్రులను ఇంకొక్కటి అడగాలి. సంపు గోడకూ దేవుడి గది పునాదికీ మధ్య మా కొలతకు ఏడడుగులు వచ్చింది. ఆ వైపు గోడకు కూడా రంధ్రాలు మానేయాలా, లేక బయటి వైపు మానేసి లోపలి వైపు మాత్రం వేయించవచ్చునా?

జవాబు 5: ఈ పనిలో ఉన్నవాడిని, చిత్తూరు

ముందు సంపు ఖాళీ చేయించి, లోపల చీలికలు ఉన్నాయేమో చూసి, పూత వేయించండి. ఆ పని అయ్యాక లోపలి వైపు వేయించవచ్చును, కాని సంపుకు ఎదురుగా ఉన్న గోడకు లీటరు బదులు అర లీటరు చొప్పున, మెల్లగా, ఒత్తిడి లేకుండా పోయమనండి. ఆ రోజు మోటారు వేయవద్దు.