ఎగుమతి లెక్కలు ఏఐ ఏజెంట్లకు తెరవాలా? మన ఉల్లికి, అరటికి ఒరిగేదేంది?

మైదుకూరు ఉల్లి:
మొన్న మా ఎఫ్‌పీఓ (రైతు ఉత్పత్తిదారుల సంఘం) మీటింగులో ఒకటే రచ్చ. వ్యవసాయ ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ అపెడా వాళ్ల అగ్రిఎక్స్ఛేంజ్ వెబ్‌సైట్‌లో ఏ సరుకు ఏ దేశానికి ఎంత పోయిందో ఉంటుంది కదా, దాన్ని ఏఐ ఏజెంట్లు, అంటే మనం అడిగింది తామే వెతికి చెప్పే ప్రోగ్రాములు, నేరుగా చదువుకునేట్టు సర్కారు తెరిచిపెట్టాలని మా కుర్రోళ్ల వాదన. అమెరికా వ్యవసాయ శాఖ ఇప్పటికే ఏపీఐ (ప్రోగ్రాములు నేరుగా లెక్కలు తీసుకునే దారి) పెట్టి ఇస్తోంది, మనమెందుకు ఇయ్యకూడదంటారు. ఒక పెద్దాయన మాత్రం "ఇస్తే ముందు బాగుపడేది చెన్నైలో కూచున్న ఎక్స్‌పోర్టరే, నువ్వు కాదు" అని లేచి వెళ్లిపోయినాడు. మీరేమంటారు?

తాడిపత్రి గెల:
తెరవాల్సిందే. 2020 జనవరిలో మా తాడిపత్రి నుంచి ముంబై జేఎన్‌పీటీ ఓడరేవుకు అరటి కంటైనర్ల రైలు పోయింది, జెండా ఊపినారు, పేపర్లో ఫొటోలేసినారు. ఆ కాయ ఏ దేశంలో దిగింది, ఎంతకు దిగింది, తోటలో ఉన్నోనికి ఈ రోజుకీ తెలీదు. గెలలు కోసుకొనిపోను వచ్చిన వ్యాపారి చెప్పిందే రేటు. "గల్ఫ్‌లో డిమాండ్ లేదన్నా" అంటే తలకాయ ఊపడమే. ఎక్స్‌పోర్టర్‌కు పట్టికలు చూసిపెట్టే గుమాస్తాలు ఎట్లాగూ ఉన్నారు. లేనిది మనకే.

కర్నూలు యార్డు గుమాస్తా:
గుమాస్తా అన్నావు కాబట్టి నేనే చెప్తా. ఏజెంటును పట్టికలు చూడనీ, నాకేం అభ్యంతరం లేదు. చూసినాక అది చెప్పే మాటతోనే భయం.

కె.పి. ఉల్లి, అదే కృష్ణాపురం చిన్నుల్లి, మన ఇళ్లల్లో పెద్దగా వాడరు, ఘాటెక్కువ. మలేషియా, సింగపూర్ వాళ్లు కొంటారనే వేస్తారు. 2020 సెప్టెంబర్ 14న కేంద్రం ఉల్లి ఎగుమతి ఆపేసినప్పుడు నాసిక్ ఉల్లితో పాటు దీన్నీ కట్టేసింది. ఇక్కడ తినేటోళ్లు లేరు, అక్కడికి పంపనియ్యరు. అక్టోబర్ 9న 10,000 టన్నుల వరకు వదిలినారు, అదీ చెన్నై పోర్టు నుంచే. మళ్లీ 2023 డిసెంబర్ 8న నిషేధం. 2024 మే 4న ఎత్తేసినా టన్నుకు 550 డాలర్ల కనీస ధర, దానిపైన 40 శాతం సుంకం. ఎగుమతి పట్టికలో ఇవేవీ ఉండవు, అంకె పడిపోవడం ఒక్కటే కనపడుతుంది. "మలేషియాలో గిరాకీ తగ్గింది, ఈసారి తక్కువ నాటండి" అని ఏజెంటు చెప్పిందనుకో. మర్యాదగా, మంచి తెలుగులో చెప్తుంది మరి, రైతు నమ్మడా?

మా కర్నూలు ఉల్లిది ఇంకో కథ. 2025 ఏప్రిల్ 1 నుంచి ఎగుమతి సుంకమే లేదు. అయినా ఆ ఏడు ఖరీఫ్ ఉల్లికి రేటు పడిపోయి రాష్ట్ర సర్కారు సంస్థ మార్క్‌ఫెడ్ క్వింటాలు 1,200కు కొనాల్సొచ్చింది. అంటే ఎగుమతి లెక్క ఒక్కటే చూస్తే రేటు సంగతి తేలదు.

తాడిపత్రి గెల:
అట్లయితే ఈ నిషేధాలు ప్రకటించే కేంద్ర కార్యాలయం డీజీఎఫ్‌టీ నోటిఫికేషన్లు కూడా దాని ముందర పెట్టండి. అవీ బహిరంగంగా ఉన్నవేగా. సగం కాగితాలిచ్చి లెక్క తప్పిందంటే ఎట్లప్పా?

అనంత శనక్కాయ:
అమెరికా పేరు ఊరికే వాడుతున్నారు గానీ వాళ్ల లెక్క పుట్టిందే వేరే అవసరానికి. 1972లో సోవియట్ యూనియన్ ఒక్కో కంపెనీ దగ్గర విడివిడిగా, గుట్టుగా గోధుమలు కొనేసింది. కోత కాగానే అమ్ముకున్న రైతులు నష్టపోయినారు, తర్వాత రేటు ఆకాశానికెక్కింది. దాంతో 1973లో చట్టం చేసి, ఎగుమతిదారు వారం వారం అమ్మకాలు చెప్పి తీరాలన్నారు. ఒకే రోజు ఒకే దేశానికి లక్ష టన్నులు, ఆపైన అమ్మితే మరుసటి పనిదినానికే చెప్పాలి. అంటే సరుకు ఓడెక్కకముందే, బేరం కుదిరినప్పుడే లెక్కకొస్తుంది. మనది ఓడెక్కినాక వచ్చే లెక్క. అది చేతికొచ్చేసరికి రైతు సరుకు అమ్మేసి ఉంటాడు. ఏజెంటుకు ఇవ్వాలా వద్దా అని కొట్లాడే బదులు, బేరం లెక్క మాకూ ఇయ్యండని అడగరేం?

ప్రొద్దుటూరు వకీలు:
అడగండి, కానీ ఒక మాట. 2022లో కస్టమ్స్ చట్టానికి 135ఏఏ సెక్షన్ చేర్చినారు. ఎగుమతిదారు కస్టమ్స్‌కిచ్చిన సరుకు విలువ, పరిమాణం లాంటి వివరాలు చట్టం ఒప్పుకోకుండా బయటపెడితే ఆరు నెలల దాకా జైలు, లేదా 50,000 దాకా జరిమానా, లేదా రెండూ. మొత్తాలు అచ్చేయడంలో ఇబ్బంది లేదు. అయితే కె.పి. ఉల్లి లాంటి సరుకుకు జిల్లా, నెల, దేశం అని కోసుకుంటూ పోతే పట్టికలో ఆ గడిలో మిగిలేది ఒకరో ఇద్దరో ఎగుమతిదారులు. ఎవరెంత పంపినారో ఊరంతా తెలిసిపోతుంది. మనిషికైతే ఆ కోత కొయ్యను ఓపిక ఉండదు. మిషన్‌కు క్షణం పని. తెరిచేటప్పుడు అంత చిన్న గడులు మూసేయాలి.

మైదుకూరు ఉల్లి:
వకీలు గారూ, ఇది మాకు తట్టలేదు. గుమాస్తా అన్నా, మా కుర్రోళ్లు ఎట్లాగూ వినరు, ఏజెంటు ఒకటి తయారు చేసేస్తారు. నువ్వే పరీక్ష పెట్టు.

కర్నూలు యార్డు గుమాస్తా:
ఒకటే ప్రశ్న. 2024 జనవరిలో ఉల్లి ఎగుమతి ఎందుకు పడిపోయిందో అడగండి. గిరాకీ లేక అంటే తీసి పక్కన పెట్టండి. నిషేధం అని తేదీతో సహా చెప్తే నాకు ఫోన్ చెయ్యి, రెండో ప్రశ్న నేనొచ్చి అడుగుతా.