విత్తుకొట్టడం: ఇక్కడ విత్తు ఏది?

ప్రశ్న (దర్శి): కోడెను ఎద్దు చేయించడాన్ని మా వైపు విత్తుకొట్టించడం అంటారు. మగవాళ్ల కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కీ కొందరు ఇదే మాట వాడుతున్నారు. సరేనంటారా?

జవాబు (ఒంగోలు): సరికాదండీ. ఇక్కడ విత్తు అంటే గింజ కాదు, వృషణం. వృషణం, వృషభం, వర్షం మూడూ 'వృష్' ధాతువు నుంచి వచ్చినవే, కురిపించడమని అర్థం. ఇక 'కొట్టడం' అన్నది అక్షరాలా నిజం. పూర్వం వృషణాల తిత్తిపైన కర్రలు బిగించి నలగ్గొట్టేవారు, పశువుకి నరకం. ఇప్పుడు బర్డిజ్జో అనే పెద్ద పటకారుతో, మత్తిచ్చి నొక్కుతారు. అది నొక్కేది వృషణాన్ని కాదు, దానికి పైనున్న తాడుని. అందులోని రక్తనాళాలు నలిగితే వృషణం ఎండుతుంది, కొన్ని వారాల్లో కుదించుకుపోతుంది. ఒక్కో తాడుని విడివిడిగా, ఒకటి కాస్త పైన, ఒకటి కాస్త కింద నొక్కాలి. రెండు నొక్కులూ ఒకే వరసలో కలిసిపోతే తిత్తి చర్మానికి రక్తమందక కుళ్లుతుంది. తాడు పటకారులోంచి జారితే ఆ పక్క వృషణం బతికే ఉంటుంది, ఎద్దనుకున్నది ఆవుల వెంట పడుతుంది.

జవాబు (ఆత్మకూరు): మనిషికి చేసే వేసెక్టమీలో వృషణాన్ని ముట్టుకోరు, రక్తనాళాల జోలికీ పోరు. కోసేది శుక్రవాహికను, అంటే శుక్రకణాలు బయటికి వెళ్లే గొట్టాన్ని మాత్రమే. తిత్తి పైభాగాన వేళ్ల మధ్య దొర్లిస్తే గట్టి పురికొసలా తగులుతుందే, అదే. మగ హార్మోను టెస్టోస్టిరాన్ వృషణంలోంచి నేరుగా రక్తంలోకి పోతుంది, ఆ నాళంతో దానికి పనిలేదు. కాబట్టి మీసం, కండ, కోరిక ఎక్కడికీ పోవు. వీర్యం కూడా తగ్గినట్టు తెలియదు. అందులో ఎక్కువ పాలు శుక్రాశయాలదీ పౌరుష గ్రంథి (ప్రోస్టేట్)దీ, శుక్రకణాల వాటా నూటికి 5 పాళ్ల లోపే. ఎద్దు మాటని మనిషికి తగిలిస్తే మగవాళ్లు భయపడి భార్యల్ని ఆపరేషన్‌కి పంపుతారు. ఈ మాట మానాలి.

ప్రశ్న (దర్శి): మరి 'నరం కోయించుకున్నాడు' అనొచ్చా?

జవాబు (ఆత్మకూరు): అదీ తప్పే. నరం తెగితే చచ్చుపడుతుందన్న భయం మళ్లీ మొదలవుతుంది. అది గొట్టం.

ప్రశ్న (కావలి): 'నాళం ముడి' అంటే?

జవాబు (ఒంగోలు): బాగుంది గానీ, ముడితో సరిపెట్టరు. చిన్న ముక్క తీసి రెండు కొసలూ మూస్తారు. 'నాళం కోత' అందాం. కోత అయినా పైభాగంలో మిగిలిన కణాలు 3 నెలల దాకా వస్తూనే ఉంటాయి. వీర్యపరీక్షలో కణాలు లేవని తేలేదాకా నిరోధ్ వాడాల్సిందే.