పెదనాన్న ట్రంకు పెట్టెలో రింగో స్టార్ హిట్స్ ఎల్పీ దొరికింది, దీని గురించి తెలిసినవాళ్లు చెప్పండి

బ్రాడీపేట_శ్రీను

అందరికీ నమస్కారం. గుంటూరులో మా పెదనాన్నగారి ఇల్లు ఖాళీ చేస్తున్నాం, ఆయన పోయి రెండేళ్లయింది, పెద్దమ్మ మా దగ్గరికి హైదరాబాద్ వచ్చేస్తోంది. అటక మీద ట్రంకు పెట్టెలో ఘంటసాల భగవద్గీత ఎల్పీ కింద ఒక ఇంగ్లీషు రికార్డు కనిపించింది. రింగో స్టార్, బ్లాస్ట్ ఫ్రమ్ యువర్ పాస్ట్, 1975. మధ్యలో లేబుల్ మీద ఒకవైపు ఆపిల్ పండు, తిప్పితే సగానికి కోసిన ఆపిల్. మొత్తం 10 పాటలే. పెదనాన్న 1970ల్లో షికాగోలో డాక్టరుగా పనిచేశారు, అక్కడే కొనుంటారు.

నాకు బీటిల్స్ (నలుగురు కుర్రాళ్ల ఇంగ్లండు బ్యాండ్) పాటలు ఓ పాతిక దాకా తెలుసు, రింగో వాళ్ల డ్రమ్మర్ అనీ తెలుసు, విడిపోయాక ఆయన ఒక్కడే పాడి హిట్లు కొట్టాడని మాత్రం ఇప్పుడే తెలిసింది. నా ప్రశ్నలు ఇవీ. ఈ పాటలు నిజంగా ఆయనవేనా, లేక స్నేహితులు రాసిచ్చినవా? 2007లో వచ్చిన 20 పాటల సీడీ ఒకటుందట, ఇది ఉండగా అది కొనాలా? మా అబ్బాయి ఏడాదిగా డ్రమ్స్ నేర్చుకుంటున్నాడు, వాళ్ల మాస్టారేమో రింగో దగ్గర నేర్చుకోవడానికి ఏమీ లేదన్నారట, అది నిజమేనా?

ఇంకొకటి. రికార్డు లోపలి తెల్ల కవరు మీద పెన్సిల్‌తో పెదనాన్న చేతిరాత ఉంది, తెలుగులో "రెండో వైపు, నాలుగోది" అని, కింద గీత కూడా గీశారు. పెద్దమ్మని అడిగితే తనకి తెలియదంది. ఇంట్లో ప్లేయర్ లేదు, ఒకరిని అడిగాను, వారంలో ఇస్తానన్నారు. ఆ పాటలో ఏముంది?

పాతరికార్డు_రావు

శ్రీనుగారూ, ముందుగా ఒక మాట, ప్లేయర్ వచ్చిందని వెంటనే పెట్టేయకండి. అటక మీద అన్నేళ్లున్న రికార్డుకి మన కోస్తా ఉక్కకి బూజు పట్టి ఉంటుంది. మెడికల్ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్, కళ్లద్దాలు తుడిచే మెత్తటి గుడ్డ తీసుకుని గాడి వెంబడే గుండ్రంగా తుడవండి, అడ్డంగా మాత్రం వద్దు. లేబుల్ తడవకూడదు. ఆరాక నిలబెట్టే ఉంచండి, ఒకదాని మీద ఒకటి పడుకోబెడితే వంగిపోతాయి. తొందరపడి అలాంటి రికార్డు ఒకటి పాడుచేసుకున్నవాణ్ణి, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా.

ఇక రికార్డు సంగతి. బీటిల్స్ సొంత కంపెనీ ఆపిల్ మొదటి విడతలో విడుదల చేసిన ఆల్బమ్‌లలో ఇదే ఆఖరిది. 1975 నవంబరులో అమెరికాలో, డిసెంబరులో ఇంగ్లండులో వచ్చింది. 1976 జనవరితో రికార్డు కంపెనీ ఈఎంఐతో ఒప్పందం ముగుస్తుందనగా, అప్పటిదాకా వచ్చిన హిట్లన్నీ ఏరి ఒకచోట పెట్టారు. దాదాపు అరగంటే ఉంటుంది, కానీ అందులో వృథా పాట నాకు కనిపించదు. 10 పాటల్లో 7 అమెరికాలో టాప్ టెన్‌లోకి వెళ్లినవే, అందులో ఫోటోగ్రాఫ్, యు ఆర్ సిక్స్‌టీన్ రెండూ నంబర్ వన్. అలాంటి ఆల్బమ్ మాత్రం అమెరికాలో 30వ స్థానంతో ఆగిపోయింది, ఇంగ్లండు చార్టులో అసలు కనిపించనే లేదు. ఆ పాటలన్నీ జనం ఇళ్లలో అప్పటికే సింగిల్స్‌గా (ఒక్కో పాట చిన్న రికార్డులుగా) ఉన్నాయి కదా, మళ్లీ ఎవరు కొంటారు.

పాటలు ఆయనవేనా అన్నారు. కొన్ని ఆయనవి, కొన్ని మిత్రులవి, కొన్ని పాత పాటలు. ఇట్ డోంట్ కమ్ ఈజీ కాగితం మీద రింగో ఒక్కడి పేరుతోనే ఉంది గానీ దాన్ని ప్రొడ్యూస్ చేసింది బీటిల్స్‌లో ఆయన జతగాడు జార్జ్ హారిసన్, రాయడంలోనూ ఆయన చెయ్యి ఉందని రింగోనే తర్వాత స్టేజి మీద చెప్పాడు. ఫోటోగ్రాఫ్ ఇద్దరూ కలిసి రాసిందే. ఐయామ్ ద గ్రేటెస్ట్ రాసింది జాన్ లెనన్, ఆ రికార్డింగులో లెనన్ పియానో, హారిసన్ గిటారు, రింగో డ్రమ్స్. 1973 నాటి ఆ పాట కోసం విడిపోయిన నలుగురిలో ముగ్గురు ఒకే గదిలో కూర్చున్నారు. ఓన్లీ యూ 1955లో ప్లాటర్స్ పాడిన పాట, అందులో అకూస్టిక్ గిటారు లెనన్‌ది. యు ఆర్ సిక్స్‌టీన్‌లో మధ్యన వచ్చే ఆ బూరలాంటి సోలో పాల్ మెకార్ట్నీది, సాక్సోఫోన్‌లా వినిపించేలా నోటితో చేశాడు. అంటే 1970లో రింగో నుంచి విడిపోయిన మిగతా ముగ్గురూ ఈ ఒక్క ఎల్పీ మీద ఏదో ఒక పాటలో ఉన్నారు. ఆ రోజుల్లో ముగ్గురితోనూ మాట కలిసి ఉన్నది రింగోకే. స్నేహితులు రాసిచ్చారా అని మీరు కాస్త అనుమానంగా అడిగారు, నాకైతే ఈ రికార్డు విలువంతా అక్కడే ఉంది.

రెండో వైపు నాలుగోది ఎర్లీ 1970. అది మొదట ఇట్ డోంట్ కమ్ ఈజీ సింగిల్ వెనక వైపున వచ్చింది, అసలు హిట్టే కాదు. అయినా హిట్స్ ఆల్బమ్‌లో పెట్టారు. ఒక్కో చరణం ఒక్కో మిత్రుడి మీద ఉంటుంది, పేర్లు చెప్పడు. పొలం మీద కాపురం పెట్టినవాడు పాల్, ఊరికొచ్చినప్పుడు నాతో వాయిస్తాడో లేదో అని అతని మీద అనుమానం. మంచం మీద పడుకుని టీవీ చూసేవాడు జాన్, వస్తే నాతో వాయిస్తాడని తెలుసు. మఠం వేసుకుని గిటారు మీటే జుట్టాయన జార్జ్, ఎప్పుడూ ఊళ్లోనే ఉంటాడు, ఎప్పుడూ నాతోనే వాయిస్తాడు. ఆఖరి చరణం తన గురించి, నాకు గిటారు మీద మూడే కార్డ్స్ (కలిపి మీటే స్వరాల గుత్తులు) వచ్చు అంటాడు, చివరికి నేను ఊరెళితే ఆ ముగ్గురినీ చూడాలని ఉంది అంటూ ముగిస్తాడు. నలుగురూ విడిపోయిన కాలంలో రాసిన పాట అది.

చర్చి_డ్రమ్మర్_విజయవాడ

శ్రీను అన్నా, మీ అబ్బాయి మాస్టారితో నేను ఏకీభవించను. నేను 14 ఏళ్లుగా చర్చిలో వాయిస్తున్నాను, పెళ్లి బ్యాండ్లలోనూ వాయించాను, పిల్లలకి నేర్పుతున్నాను. స్పీడు నేర్పేవాళ్లు చాలామంది ఉన్నారు, పాట వింటూ వాయించడం నేర్పాలంటే నేను రింగోనే వినిపిస్తాను.

ఆయన ఎడమచేతివాటం మనిషి. చిన్నప్పుడు నాయనమ్మ మన ఇళ్లలో లాగే ఆ చెయ్యి మాన్పించి కుడిచేతికి మార్చిందని ఆయనే చెప్పాడు. కానీ డ్రమ్స్ దగ్గర ఎడమచెయ్యే ముందుకొస్తుంది, కిట్ మాత్రం కుడిచేతివాళ్లలా అమర్చుకుంటాడు. దానివల్ల ఏమవుతుందో మీ అబ్బాయిని కూర్చోబెట్టి చూపించండి. ఎదురుగా ఉండే స్నేర్ డ్రమ్ము మీద మొదలుపెట్టి టామ్స్ అనే మిగతా డ్రమ్ముల మీదుగా కుడివైపుకి ఫిల్ (పాట మధ్యలో వచ్చే చిన్న విరుపు) వెళ్లాలి, కుడిచేయి ముందున్నవాడికి అది జారినట్టు వెళ్లిపోతుంది. ఎడమచేయి ముందుంటే చేతులు ఒకదానికొకటి అడ్డొస్తాయి, సర్దుకోవడానికి రవ్వంత సమయం కావాలి. ఆ రవ్వంత ఆలస్యమే రింగో ఫిల్. దెబ్బ తప్పలేదు, తాళం జారలేదు, కానీ కాస్త వెనక్కి వాలినట్టు వినిపిస్తుంది. కుడిచేతివాళ్లం దాన్ని కాపీ కొట్టబోతే నోట్స్ వస్తాయి, ఆ వాలు రాదు. నేను నెలల తరబడి ప్రయత్నించాను.

హై-హ్యాట్ (కాలితో మూసి తెరిచే జంట సింబల్స్) కూడా చూడమనండి. కొట్టినట్టుండదు, గుడ్డతో బల్ల తుడుస్తున్నట్టు చెయ్యి పక్కకి ఊగుతుంది, అందుకే తాళాల మధ్య ఖాళీ లేకుండా ఒక హోరు నిండిపోతుంది. బీటిల్స్ చివరి రోజుల్లో డ్రమ్స్ మీద గిన్నెలు తుడుచుకునే తువ్వాళ్లు పరిచి వాయించాడు, శబ్దం మోగకుండా దబ్‌మని ఆగిపోవడానికి. మా దగ్గర కొత్తగా వచ్చే పిల్లలకి అదే చేయిస్తాను, హాలు చిన్నదైనప్పుడు బ్రహ్మాండంగా పనిచేస్తుంది.

మీ ఎల్పీలో బ్యాక్ ఆఫ్ బూగలూ వినమనండి, మొదటి వైపు ఆఖరిది. మొదలవడమే స్నేర్ మీద, మిలిటరీ కవాతులా. పాటంతా ఆ స్నేర్ దిగదు, పైన జారేదంతా హారిసన్ స్లైడ్ గిటారు. తర్వాత ఫోటోగ్రాఫ్. అందులో రింగోతో పాటు జిమ్ కెల్ట్నర్ కూడా వాయించాడు, ఇద్దరు డ్రమ్మర్లు ఒకే పాటలో ఒకరి మీద ఒకరు పడకుండా ఎలా వాయించాలో అక్కడ వినొచ్చు. ఇద్దరు డ్రమ్మర్లున్న చర్చిల్లో రోజూ పడే గొడవ అదే.

బీటిల్స్ నలుగురిలో కూడా రింగో అందరికంటే మంచి డ్రమ్మర్ కాదు అని లెనన్ అన్నట్టు ఒక మాట తిరుగుతూ ఉంటుంది, మాస్టారు అదేమైనా విన్నారేమో. లెనన్ ఆ మాట అనలేదు. చరిత్రకారుడు మార్క్ లూయిసన్ దాని మూలం వెతికి పట్టుకున్నాడు, 1981లో బీబీసీ రేడియో హాస్య కార్యక్రమంలో వచ్చిన జోకు అది. లెనన్ చనిపోయింది 1980 డిసెంబరులో. చేతిలో విద్య ఉన్న మనిషిని ఇంత తేలిగ్గా తీసిపారేయడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

నీలిమ_వైజాగ్

రికార్డు మంచిదే, కాదనను. కానీ యు ఆర్ సిక్స్‌టీన్ నేను దాటేస్తాను. 33 ఏళ్ల మనిషి పదహారేళ్ల అమ్మాయి గురించి అలా పాడటం ఇప్పుడు వింటే ఇబ్బందిగా ఉంటుంది. 1960లో జానీ బర్నెట్ పాడిన పాటే, ఆ కాలం వేరు అంటారు, అయినా నా కూతురు పక్కన ఉండగా పెట్టలేను. మొదటి వైపు మొదటి పాటే అది కాబట్టి శ్రీనుగారూ, పిల్లాడికి రెండో వైపు నుంచి మొదలుపెట్టండి.

20 పాటల సీడీ కొనక్కర్లేదు. మీ 10 పాటలూ అందులో ఉంటాయి, మిగతా 10లో నేను మళ్లీ మళ్లీ విన్నవి మూడే. 1976 తర్వాత హిట్లు సన్నగిల్లాయి, సీడీ రెండో సగం కూడా అలాగే పలచబడుతుంది. ఆన్‌లైన్‌లో విని నచ్చినవి దాచుకుంటే చాలు.

తెలుగుబిడ్డ_మాంచెస్టర్

నీలిమగారూ, ఆ మూడింటిలో నెవర్ వితౌట్ యూ లేకపోతే నేను ఒప్పుకోను. జార్జ్ పోయాక ఆయన కోసం రింగో చేసిన పాట అది, 2003లో వచ్చింది, గిటారు ఎరిక్ క్లాప్టన్. 10 పాటల ఎల్పీ 1975లో ఆగిపోతుంది, నలుగురూ బతికే ఉన్నారు, ఎప్పటికైనా కలుస్తారన్న ఆశ ఉంది. సీడీలో ఆ తర్వాత జరిగింది వినిపిస్తుంది. అందుకే రెండూ ఉండాలంటాను.

ఫోటోగ్రాఫ్ ప్రియురాలు వెళ్లిపోతే మిగిలిన ఫొటో పట్టుకుని బాధపడే పాట. జార్జ్ 2001 నవంబరు 29న పోయారు. సరిగ్గా ఏడాదికి లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో ఆయన జ్ఞాపకార్థం కచేరీ పెట్టారు, రింగో వచ్చి ఇదే పాట పాడాడు. పదాలు ఒక్కటీ మారలేదు, ఇద్దరూ కలిసి రాసుకున్న పాటే, కానీ ఆ రోజు అర్థం మొత్తం మారిపోయింది. ఆ వీడియో చూశాక మా ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. వాళ్ల నాన్నగారు పోయిన సంవత్సరం అది.

మాకు లివర్‌పూల్ గంట దూరం, గత ఏడాది డింగిల్ వెళ్లాం. రింగో పుట్టిన మాడ్రిన్ స్ట్రీట్ అక్కడే, ఇరుకు వీధి, ఇంటికి ఇల్లు అంటుకుని ఉంటాయి. దగ్గర్లోనే ఎంప్రెస్ అనే పబ్బు ఉంది, ఆయన మొదటి సోలో ఆల్బమ్ సెంటిమెంటల్ జర్నీ అట్ట మీద కనిపించేది ఆ పబ్బే. ఆరేళ్లకి కడుపులో చీము పట్టి, పదమూడేళ్లకి క్షయ వచ్చి, చిన్నతనంలో ఏళ్లకి ఏళ్లు ఆసుపత్రుల్లోనే గడిపాడు. ఆ క్షయ ఆసుపత్రిలోనే మంచం పక్క బీరువా మీద దారపు కండెలతో వాయిస్తూ డ్రమ్స్ మీద మనసు పడింది. ఆ వీధిలో నిలబడితే ఈ హిట్స్ రికార్డు వేరే రకంగా వినిపిస్తుంది, అంతకంటే చెప్పలేను.

శ్రీనుగారూ, పెదనాన్నగారు ఆ నాలుగో పాటని ఎందుకు గుర్తు పెట్టుకున్నారో తెలిస్తే తప్పకుండా రాయండి.

బ్రాడీపేట_శ్రీను

అందరికీ ధన్యవాదాలు. రావుగారు చెప్పినట్టే తుడిచాం, గుడ్డకి నల్లగా ఎంత మురికి వచ్చిందో, రెండుసార్లు నీళ్లు మార్చాల్సి వచ్చింది. నిన్న రాత్రి ప్లేయర్ వచ్చింది. నీలిమగారి మాట ప్రకారం రెండో వైపే ముందు పెట్టాం. మొదట్లో కొంచెం చిటపటలున్నాయి, ఓన్లీ యూ సగానికొచ్చేసరికి సర్దుకున్నాయి. మా అబ్బాయి బ్యాక్ ఆఫ్ బూగలూ నాలుగుసార్లు పెట్టించుకుని దిండు మీద కర్రలతో వాయించాడు, ఎడమచేత్తో మొదలుపెట్టి కూడా చూశాడు, చేతులు నిజంగానే అడ్డం పడ్డాయి.

నాలుగో పాట వచ్చినప్పుడు ఒక్కో చరణం పెద్దమ్మకి తెలుగులో చెప్పాను. మూడో మనిషి దగ్గరికొచ్చేసరికి ఆగమంది. పెదనాన్న గుంటూరు మెడికల్ కాలేజీ నుంచి మరో ముగ్గురు క్లాస్‌మేట్స్‌తో షికాగో వెళ్లారట, మొదటి చలికాలం నలుగురూ ఒకే గదిలో ఉన్నారట, ఒకే ఓవర్‌కోటు మంచిది ఉంటే నైట్ డ్యూటీ ఎవరిదైతే వాళ్లు వేసుకునేవారట. తర్వాత తలోచోటా ఉద్యోగాలు దొరికి విడిపోయారు, ఒకాయనతో ఏదో మాటపట్టింపు కూడా వచ్చింది, అది దేని గురించో పెద్దమ్మ చెప్పలేదు. ఆ ముగ్గురిలో ఇప్పుడు ఒక్కరే ఉన్నారు, మిచిగన్‌లో, 80 దాటాయి. ఆయన నంబరు పెద్దమ్మ పాత డైరీలో దొరికింది.

ఆదివారం ఫోన్ చేస్తున్నాం. ఆయనకి ఈ పాట ఈ రికార్డు మీదే వినిపించాలని పెద్దమ్మ పట్టు. రావుగారూ, వాట్సాప్ కాల్‌లో స్పీకర్ పక్కన ఫోన్ పెడితే పాట సరిగ్గా వినిపిస్తుందా, లేక ముందే రికార్డు చేసి ఫైల్ పంపడం మంచిదా? ఆయనకి చెవులు కాస్త మందమట.